ఖాళీ క్వార్టరు కడిగిన కూలి

2017 ఏప్రిల్‌లో నన్ను పరీక్షల విభాగం నుంచి ఎస్టేట్ సెక్షన్‌కు సూపరింటెండెంటుగా మార్చారు. యూనివర్సిటీలో సూపరింటెండెంటు అంటే సీనియర్ అసిస్టెంటుకు పైన, అసిస్టెంట్ రిజిస్ట్రారుకు కింద ఉండే మనిషి. ఫైలు మీద మొదటి సంతకం అతనిది, చివరి మాట మరెవరిదో. క్యాంపస్‌లో ఉద్యోగుల క్వార్టర్లు కేటాయించడం, అద్దె కోత వివరాలు జీతాల బిల్లుకు పంపడం, రిటైరైనవారి చేత ఇల్లు ఖాళీ చేయించడం ఆ సెక్షన్ పనులు. నా చేతి కింద వెయ్యి ఇళ్ళుండేవని మొన్నమొన్నటి దాకా నల్లకుంటలో పొద్దున నాతో నడిచే మిత్రులకు చెబుతూ వచ్చాను. వెయ్యి లేవు. కాపురం చేయదగిన స్థితిలో ఉన్నవి అందులో పదో వంతు ఉంటే ఎక్కువ. మిగిలినవి కోతులకు కేటాయించినట్టే ఉండేవి. వాటి దగ్గర అద్దె వసూలు చేసే అధికారం మాకు లేదు.

క్వార్టరు ఖాళీ చేయడం బయట అద్దె ఇల్లు ఖాళీ చేసినంత తేలిక కాదు. రిటైరైన ఉద్యోగి కొన్ని నెలలు మామూలు అద్దెకే ఉండవచ్చు. గడువు దాటితే పీనల్ రెంటు, అంటే జరిమానా అద్దె, మొదలవుతుంది. అది ఆగేది సామాను లారీ ఎక్కిన రోజున కాదు. తాళంచెవి ఎస్టేట్ సెక్షన్ బల్ల మీద పడి, మేము రసీదు రాసిచ్చిన రోజున. ఆ తర్వాత వేకేషన్ రిపోర్టు, అంటే ఫలానావారు ఇల్లు అప్పగించారనే కాగితం, ఫైనాన్సు వారికి వెళుతుంది. అది వెళితేగానీ గ్రాట్యుటీలో ఆపిపెట్టిన సొమ్ము కదలదు. ఈ తతంగంలో ఒక చిన్న షరతు ఉంది. ఇల్లు శుభ్రం చేసి అప్పగించాలి. ఎవరు శుభ్రం చేయాలి, ఆ డబ్బు ఎవరివ్వాలి అన్న సంగతి ఏ రూలూ చెప్పదు.

యూనివర్సిటీకి పారిశుధ్య సిబ్బంది లేకపోలేదు. వాళ్ళు ఏజెన్సీ మనుషులు. రోడ్లు, ఆఫీసులు, హాస్టళ్ళ వరండాలు వాళ్ళ వంతు, క్వార్టరు గడప దాటి లోపలికి రారు. అందుచేత ఖాళీ చేసేవారు ఎవరినైనా బయటి మనిషిని పెట్టుకోవాలి. నేను ఆ సెక్షన్‌లో కాలు పెట్టేనాటికే చాలా ఏళ్ళుగా ఆ బయటి మనిషి ఎస్తేరు.

ఆమెది నల్గొండ వైపు పల్లె. సీతాఫల్‌మండిలో రైల్వే గేటు అవతల ఒక గదిలో ఉండేది. వయసు నలభై దాటింది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకు తుండు, కాళ్ళకు రబ్బరు బూట్లు. ఏ కాంట్రాక్టరు కిందా లేదు. సొంత పని. ఆమె వెంట ఎప్పుడూ ఒక మిషను ఉండేది. నీళ్ళను జోరుగా కొట్టి గోడల పాచి, బాత్రూముల గార ఊడదీసే మిషను. రాణిగంజ్‌లో ఒక సేటు దగ్గర కిరాయికి తెచ్చుకుంది. ప్రతి శనివారం ఇంత కట్టాలి. ఆ కట్టిందంతా ఒక మొత్తానికి చేరాక మిషను ఆమెదవుతుంది. వరసగా రెండు శనివారాలు తప్పితే సేటు వెనక్కి తీసుకుంటాడు, కట్టింది కట్టినట్టే పోతుంది.

ఇక్కడ ఈ వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో రోజూ పనిచేసే మనిషికి ఒకటో తారీఖున జీతం ఇవ్వకపోతే రెండో తారీఖున రాదు. అంట్లు అలాగే ఉంటాయి. ఇంటావిడే మూడో తారీఖుకు డబ్బు పంపుతుంది. ఒక్కసారి పనికి వచ్చే మనిషి సంగతి అలా కాదు. పని ముగిసిన క్షణం నుంచి ఆమె అవసరం ఎవరికీ ఉండదు. పైగా ఖాళీ చేసే ఇంటి విషయంలో ఇల్లుగలవాళ్ళే ఆ ఇంట్లో ఉండరు. రేపు వచ్చి అడుగుదామంటే తలుపు తట్టడానికి ఆ తలుపు వెనక మనుషులు లేరు.

దీనికి ఎస్తేరు దగ్గర ఒక పద్ధతి ఉండేది. నేను చేరిన వారంలోనే చూశాను. ఒక మధ్యాహ్నం వచ్చి నా బల్ల మీద తాళంచెవి పెట్టింది. నువ్వెవరని అడిగాను.

"ఇల్లు కడిగిన సార్."

తాళం ఇంటివాళ్ళు కదా తేవాలి అన్నాను, కొత్త అధికారి గొంతుతో.

"ఇంటోళ్ళు లారీ ఎక్కిండ్రు. నేను ఆఖరికి ఎల్లిన. ఆఖరికి ఎల్లినోళ్ళ తాన్నే గదా తాళం ఉంటది."

విషయం ఏమిటంటే, సామాను పోయాక ఇల్లు కడిగే మనిషే ఆ ఇంట్లోంచి చివర బయటికి వస్తుంది. తాళం వేసుకుని చెవి కొంగున ముడేసుకుని మెట్ల మీద కూర్చుంటుంది. కూలి చేతిలో పడ్డాక లేచి మా ఆఫీసుకు వస్తుంది. తాళం మాకు చేరేదాకా అద్దె పరుగెడుతూనే ఉంటుంది కనుక ఎంతటివారైనా ఆలస్యం చేయరు. నోరెత్తి అడగడం, తగువు, మూడో మనిషి పంచాయితీ ఏదీ లేవు. మాకూ మేలే. మురికి ఇల్లు అప్పగించారన్న ఫిర్యాదు ఒక్కటీ రాదు.

తాళం పద్ధతి నేను కనిపెట్టిందేనని రిటైరయ్యాక కనీసం ఇద్దరు అల్లుళ్ళకు, ఒక బ్యాంకు మేనేజరుకు చెప్పాను. వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. నేను చేసిందల్లా ఒక వాక్యం కలపడం. ఖాళీ చేసేవారి దరఖాస్తులో 'తాళంచెవి నా తరఫున పట్టుకొచ్చే మనిషి దగ్గర తీసుకోగలరు' అని రాయించాను. అది లేకముందు కూడా తాళం అట్లాగే వచ్చేది.

ఇక అసలు సంగతి. ఆ ఏడు మే నెలాఖరులో వృక్షశాస్త్రం ప్రొఫెసర్ వీరనారాయణ గారు ఇల్లు ఖాళీ చేశారు. ఆయనా, భార్య సరస్వతమ్మ గారూ ప్రొద్దుటూరు వైపువాళ్ళు. మాది జమ్మలమడుగు. హైదరాబాదులో ఈ రెండూ ఒకే ఊరి కింద లెక్క. ఆమె నన్ను అన్నా అని పిలిచేది. వాళ్ళది పాతకాలపు పెద్ద క్వార్టరు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఆయన ఆ ఇంటిని ఇల్లుగా వాడలేదు, తోటగా వాడాడు. వరండా నిండా నాచు, గోడలకు ఫెర్నులు, స్నానాలగదిలో తొట్టెలు, సంపులో ఏవో తామరజాతి మొక్కలు. ఎస్తేరు చూసి, సంపూ పైన ట్యాంకూ కలిపి ఏడు వేలు అడిగింది. ఆయన తల ఊపాడు. ఆయన తల దేనికైనా ఊగేది. ఆ సమయంలో చూపు కుండీ మీద ఉండిందని ఎస్తేరు తర్వాత చెప్పింది.

పని మూడు రోజులు పట్టింది. అంత పెద్ద పని చేతిలో ఉందని ఆమె వేరే పనులు ఒప్పుకోలేదు. దాంతో పని మొదలుపెట్టే ముందు రోజు, శనివారం, సేటుకు కట్టలేదు కూడా. ఇల్లు అద్దంలా చేసింది. నేను చూడడానికి వెళ్ళినప్పుడు వరండా గచ్చు ఎర్రగా ఉంది. ఆ గచ్చు ఎరుపని అప్పటిదాకా ఆ సెక్షన్‌లో ఎవరికీ తెలియదు. ఎస్టేట్ సెక్షన్ రికార్డుల్లో దాన్ని 'ఆకుపచ్చ ఫ్లోరింగు' అని రాసి ఉందని ఇప్పుడు రాయబోయి ఆగాను. అట్లా ఏమీ లేదు. కానీ ఉండదగింది.

నాలుగో రోజు పొద్దున సరస్వతమ్మ గారే స్వయంగా తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ, ముప్పై ఏళ్ళ ఇల్లన్నా, తాళం నా చేత్తోనే ఇవ్వాలని అడిగి తీసుకొచ్చినా అంది. ఇంటివారే తాళం తెస్తే కాదనడానికి ఏ రూలూ లేదు. రసీదు రాసిచ్చాను. సొంత జిల్లా మనిషి కదా అని వేకేషన్ రిపోర్టు మధ్యాహ్నానికల్లా ఫైనాన్సుకు పంపించాను. మా సెక్షన్‌లో అంత వేగంగా కాగితం కదిలింది ఆ ఒక్కసారే.

మర్నాడు, గురువారం, ఎస్తేరు వచ్చింది. చేతిలో తాళం లేదు. నిలబడే ఉంది.

కూలి ఇచ్చారా అని అడిగాను.

"చీర పెట్టిండ్రు సార్."

"డబ్బులు?"

"చీర పెట్టిండ్రు, పండ్లు పెట్టిండ్రు, బొట్టు పెట్టిండ్రు. పైసల ముచ్చట లేదు."

జరిగింది ఇది. పని అయ్యాక ఎస్తేరు ఎప్పట్లాగే తాళం వేసుకుని మెట్ల మీద కూర్చుంది. సరస్వతమ్మ గారు పళ్ళెంలో చీర, అరటిపండ్లు, తమలపాకులు పెట్టుకుని వచ్చింది. మా వైపు ఇంటినుంచి ఆడమనిషిని మర్యాదగా పంపేటప్పుడు అట్లా చేస్తారు. అలవాటున కుంకుమ తీసి ఎస్తేరు నుదుట పెట్టేసింది. ఎస్తేరు చర్చికి పోయే మనిషి, బొట్టు పెట్టుకోదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, కానీ చేయి ఊరుకోలేదు. ఆ తర్వాత చేయి చాచి తాళం అడిగింది.

మరి నువ్వు ఎందుకిచ్చావు అన్నాను.

"అమ్మ ఏడ్చుకుంట అడిగితే ఎట్ల ఇయ్యకుంట ఉంట సార్. పైసలిస్తెనే తాళమిస్త అంటే, గప్పుడు ఆ మాట నోట్లకెల్లి వస్తదా. బొట్టు సుత వద్దనలేదు. మా పాస్టరమ్మ జూస్తదేమోనని సందు మలిగినంక తుడ్సుకున్న."

దేనితో అయినా తాళం రాబట్టవచ్చునని, అందులో కన్నీళ్ళూ ఒకటని ఆ రోజు తెలిసింది. గదమాయించినవాళ్ళకు ఆమె ఎప్పుడూ ఇవ్వలేదు. ప్రేమగా చేయి చాచినావిడకు ఇచ్చేసింది.

నేను ఆమెను కూర్చోబెట్టి, భయపడకు, ఒక్క సంతకంతో గ్రాట్యుటీ ఆపించేస్తాను అన్నాను. అనడం అన్నాను. కానీ రిపోర్టు అప్పటికే వెళ్ళిపోయింది. వెళ్ళకపోయినా సూపరింటెండెంటు ఆపగలిగింది మధ్యాహ్నం టీ ఒక్కటే, అది కూడా అటెండరు మెత్తనివాడైతే. మిగతా దారులు వరసగా చూశాను. యూనివర్సిటీ ఇవ్వదు, ఎందుకంటే పని పెట్టుకుంది యూనివర్సిటీ కాదు. సెక్షన్‌లో చిల్లర ఖర్చులకు ఉండే ఇంప్రెస్టు సొమ్ము బల్బులకూ నల్లా వాషర్లకూ తప్ప దేనికీ తీయకూడదు. ఉద్యోగుల దగ్గర ఇంటికోసం డిపాజిట్ తీసుకోరు, పట్టుకోవడానికి. రూల్సులో ఉన్న తలుపులన్నీ తట్టాను. అన్నీ లోపలినుంచి గడియ పెట్టి ఉన్నాయి.

మేము మాట్లాడుతుండగానే ఏజెన్సీ సూపర్‌వైజర్ భాస్కర్ హాజరు కాగితాలు ఇవ్వడానికి వచ్చాడు. క్యాంపస్ ఊడ్చేవాళ్ళంతా అతని కిందే. ఎస్తేరును, ఆమె మిషనును తన మస్టర్‌లోకి, అంటే ఏజెన్సీ కూలీల హాజరు పట్టీలోకి, లాగాలని ఏడాదిగా చూస్తున్నాడు.

"ఏందక్కా, ఓనరమ్మ గీడ కూసున్నది?"

"కూసుంటే నీ కుర్చీ అరిగిందా?"

"మస్టర్‌ల పేరెక్కిచ్చుకో అంటే ఇనవైతివి. ఒకటో తారీకు జీతం పడ్తుండె."

"ఒకటో తారీకు జీతం, రెండో తారీకు నీ కటింగు. నాకు ఎరికే లే తమ్మీ."

"కటింగైనా పైసలైతే వస్తున్నయ్ గదా మావోళ్ళకు. నీకు చీరలొస్తున్నయ్."

సంగతి అప్పటికే క్యాంపస్ అంతా తెలిసిందన్నమాట. అతను వెళ్ళాక ఎస్తేరు నాకు చెప్పింది. ఈ శనివారం కూడా కట్టకపోతే సేటు మిషను తీసుకుపోతాడు. ఒట్టి చీపురుతో పెద్ద ఇళ్ళు ఎవరూ ఇవ్వరు. అప్పుడు భాస్కర్ మస్టరే దిక్కు. ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. రేపు వాన వస్తుందేమో అన్నట్టు చెప్పింది.

నాకు తోచింది ఒకటే. నా జేబులోంచి ఇస్తాను, ప్రొఫెసర్ గారి దగ్గర నేను తర్వాత తీసుకుంటాను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"మీరెందుకిస్తరు సార్? మీ ఇల్లు కడిగిన్నా? మీరిచ్చిండ్రని తెలిస్తే రేపటిసంది ఖాళీ చేసేటోళ్ళందరు సూపర్నెంట్ సార్‌ని అడుగుపో అంటరు. నాకు మీరు ఒక్కపారి ఇస్తరు. వాళ్ళు నాకు ఎన్నడియ్యరు."

ఆ లెక్క నా లెక్క కంటే మెరుగ్గా ఉంది. నేను ఆ రోజు పని గురించి ఆలోచించాను, ఆమె వచ్చే పదేళ్ళ పని గురించి ఆలోచించింది. నేరుగా వెళ్ళి అడుగుదాం, నేనూ వస్తాను అన్నాను. సరేనంది.

ప్రొఫెసర్ గారు దిగింది తార్నాకలో, చౌరస్తాకు దగ్గరలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. శుక్రవారం సాయంత్రం ఆఫీసయ్యాక బయలుదేరాం. మే ఎండలో ఆమె కోసం క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడిచివెళ్ళానని ఈ కథ చెప్పిన ప్రతిసారీ చెబుతాను. ఆటోలో వెళ్ళాం. ఆటో డబ్బులు ఆమే ఇచ్చింది, నా దగ్గర చిల్లర లేదు. దారి పొడుగునా నేను మనసులో ఉపన్యాసం తయారు చేసుకున్నాను. శ్రమ విలువ, చదువుకున్నవారి బాధ్యత, సొంత జిల్లా పరువు, అన్నీ అందులో ఉన్నాయి.

ఒక సంగతి నన్ను కలవరపెట్టింది. ఎస్తేరు ఆ చీరే కట్టుకుని వచ్చింది. పసుపుపచ్చ మీద మెరూన్ అంచు. చీర తిరిగి ఇచ్చేసి డబ్బడగాలని నా ఉద్దేశం. కట్టుకుని వచ్చిన మనిషి ఎట్లా అడుగుతుంది, చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్నీ పాడు చేసుకుందే అనుకున్నాను.

తలుపు తీసిన సరస్వతమ్మ గారు ఆ చీర చూసి మురిసిపోయింది.

"రా అన్నా, రా. ఎస్తేరూ, నువ్వూ లోపలికి రా, అట్లా నిలబడ్తావేమి. ఏమండీ, చూడండి, ఈ పిల్లకు చీర ఎంత బాగుండాదో."

ప్రొఫెసర్ గారు బాల్కనీలో కుండీల మధ్య నుంచి తల ఎత్తి, ఆ రంగు బాగా కలిసిందని ఒప్పుకుని మళ్ళీ తల దించారు. హాలు నిండా విప్పని అట్టపెట్టెలు. మాకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కాఫీ వచ్చింది. ఉపన్యాసానికి సమయమైంది. నేను గొంతు సవరించుకుని, ఈ ఏడు మామిడికాయలు పిరిమి కదమ్మా, కొనలేకుండా ఉన్నాం అన్నాను. అక్కడినుంచి తార్నాకలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయా అన్న విషయంలోకి వెళ్ళాను. నీళ్ళ నుంచి ప్రొద్దుటూరు నీళ్ళలోకి వెళ్ళాను. శ్రమ విలువ దగ్గరికి ఏ వైపునుంచీ దారి దొరకలేదు.

ఎస్తేరు కాఫీ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

"అమ్మా, చీర నాకు పెట్టిండ్రు. కట్టుకున్న, మంచిగున్నది. మిషన్ చీర కట్టదు గదమ్మా. దానికి పైసలు కావాలె, రేపు సేటుకు కట్టేది ఉన్నది. సార్‌తోని ఏడు వేలు మాట్లాడిన."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పక్కింటావిడ పెరుగు తోడు అడిగినట్టు అడిగింది.

సరస్వతమ్మ గారు భర్త వైపు తిరిగింది. "మీరు ఇయ్యలేదా?"

"నేను కవర్లో పెట్టి నీ పళ్ళెంలోనే పెట్టినా కదా. అరటిపండ్ల పక్కన."

"పెట్టినారు, నేను తీసేసినా. బొట్టు పెట్టి పంపించే పళ్ళెంలో కూలి డబ్బులు ఎవురన్నా పెడతారా? ఆ మనిషి ఏమనుకుంటాది? మీరు ఆఫీసు దగ్గర ఇస్తారనుకుంటి."

"ఆఫీసుకు పోయింది నువ్వు కదనే."

"నాకు తోడు మీరొస్తారనుకుంటి."

"నన్ను రమ్మని చెప్పలేదే."

ఆయన కవరు పళ్ళెంలో పెట్టాడు, ఇచ్చేసినట్టే అనుకున్నాడు. ఆమె మర్యాద చెడుతుందని కవరు తీసి దాచింది, వేరేగా ఆయన ఇస్తాడనుకుంది. ఎగ్గొట్టాలని ఇద్దరిలో ఎవరికీ లేదు. డబ్బు మాత్రం ఇద్దరి మంచితనం మధ్య ఇరుక్కుపోయింది. మా జిల్లావాళ్ళ మంచితనమే అంత, వెడల్పు ఎక్కువ.

మొదట నవ్వింది సరస్వతమ్మ గారే. నవ్వుతూనే కొంగుతో మొహం తుడుచుకుంది. "నా బుద్ధి మండ. నాలుగు దినాలు ఈ మనిషి ఏమనుకుని ఉంటాదో" అంటూ పెట్టెలు విప్పడం మొదలుపెట్టింది. కవరు ఏ పెట్టెలో పడిందో గుర్తు లేదు. ప్రొఫెసర్ గారు చెప్పులేసుకుని కింద ఏటీఎంకు వెళ్ళారు. ఆయన డబ్బుతో మెట్లెక్కి వచ్చేసరికి ఈమెకు దేవుడి సామాన్ల పెట్టెలో కవరు దొరికింది. ఏడు వేలు రెండుసార్లు తయారైంది.

ఎస్తేరు కవరు తీసుకుని లెక్కపెట్టుకుంది. ప్రొఫెసర్ గారు రెండోదీ చాచారు. కష్టపెట్టినాం, ఇదీ ఉంచుకో అన్నారు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"పని చెయ్యంది ఎట్ల తీస్కుంట సార్. మీకు ఇయ్యాలె అనిపిస్తే పని జెప్పుండ్రి. కింద సంపు జూసిన వచ్చేటప్పుడు. ఎన్నేండ్లైందో కడగక."

ఆయన ఉత్సాహపడి అపార్ట్‌మెంటు అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేశారు. ఆ సెక్రటరీ అదే అంతస్తువాడు, లుంగీతోనే వచ్చాడు. ధర అడిగాడు. ఎస్తేరు వెంటనే చెప్పలేదు. మీ బిల్డింగుల పైసలు ఎవరి తాన ఉంటయ్ అని అడిగింది. ట్రెజరర్ దగ్గర అన్నాడు. ఆయన్నీ పిలువుండ్రి, అప్పుడు జెప్త అంది. అతను మొదట నొచ్చుకున్నాడు. సెక్రటరీ చెబితే చాలదా అన్నాడు.

"చాలు సార్. మీరు పని జెప్పెటోళ్ళు, ఆయన పైసలిచ్చెటాయన. ఇద్దరి చెవుల పడాలె. ఒకల చెవుల పడితే ఏమైతదో ఇగో, ఇప్పుడే జూసిన."

సరస్వతమ్మ గారు పగలబడి నవ్వింది. ట్రెజరర్ వచ్చాడు. ఇద్దరూ విన్నాక ధర కుదిరింది. అప్పటికప్పుడు ఆ పద్ధతి ఆమెకు తట్టడం నేను కళ్ళారా చూశాను. మూడు రోజుల కింద జారిపోయిన తాళం గురించి ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. తాళం ఏ చోట జారిందో చూసి అక్కడ ఒక మేకు కొట్టింది. చీరను కూలిగా తీసుకోలేదు, కూలి కోసం చీరను తిరగ్గొట్టనూ లేదు. దేని మర్యాద దానికి ఉంచింది. నేను ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు రాశాను. ఇద్దరినీ నొప్పించకుండా అసలు సంగతి చెప్పే నోట్ ఒక్కటి రాయడానికి రెండు పేజీలు పట్టేది నాకు.

శనివారం సేటుకు డబ్బు చేరింది. మిషను నిలిచింది. ఆ ఏడాది చివరకు అది ఆమెదయింది. భాస్కర్ ఆ తర్వాత హాస్టల్ ట్యాంకులకు ఆ మిషను కిరాయికి అడిగితే ఇచ్చింది. ముందు అతన్నీ, అతని ఏజెన్సీ అకౌంటెంటునీ పక్కపక్కన నిలబెట్టి ధర చెప్పింది.

నేను దీన్ని సర్క్యులర్ చేయించానని, యూనివర్సిటీ అంతటా అమలైందని కొందరికి చెప్పి ఉన్నాను. డ్రాఫ్టు రాసిన మాట నిజం. ఖాళీ చేసేవారు శుభ్రం చేసే మనిషితో ఒప్పుకున్న కూలిని భార్యాభర్తలిద్దరి సమక్షంలో నిర్ణయించి, పని ముగిసిన రోజునే చెల్లించవలెనని రాశాను. అసిస్టెంట్ రిజిస్ట్రారు దాని మీద 'ఇది మన పరిధి కాదు' అని రాసి తిప్పి పంపారు. ఆయన రాసింది సరైనదే. సర్క్యులర్ లేకుండానే ఆ పద్ధతి నడిచింది, ఎస్తేరు నోటి మీద. ధర ఇంట్లో ఇద్దరూ వినేదాకా ఆమె మిషను పైపు నల్లాకు తగిలించేది కాదు.

రెండేళ్ళకు నేనూ రిటైరయ్యాను. నా క్వార్టరు చిన్నది. ఎస్తేరుతో ధర ముందే మాట్లాడుకున్నాను. పని రోజు పొద్దున ఆమె వచ్చి వరండాలో నిలబడి మా ఆవిడను పిలవమంది. నాకు తెలుసు కదా ఎస్తేరూ అన్నాను.

"మీకు తెలుసు సార్. అమ్మకు తెల్వాలె."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. ఎస్తేరు ధర చెప్పింది. మా ఆవిడ అంత ఎందుకంటూ బేరం మొదలుపెట్టింది. నేను ఒప్పుకున్నానన్న మాట మా ఆవిడకు అంతవరకు చెప్పలేదు. కాసేపు ఇద్దరూ వాదించుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. చివరకు ధర తగ్గలేదు, స్టోరు గది అటకను కూడా కలుపుతానని ఎస్తేరు ఒప్పుకుంది. అప్పుడు పైపు తగిలించింది. సాయంత్రం డబ్బు ఇచ్చింది మా ఆవిడే.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. నెలజీతానికి చేసే మనిషికి వచ్చే నెలే పూచీ. ఒక్కసారి పనికి వచ్చే మనిషికి ఆ పూచీ లేదు. కాబట్టి కూలి ఎంతో పని మొదలుకాక ముందే చెప్పాలి. పని చెప్పినవారు, డబ్బు ఇవ్వవలసినవారు వేర్వేరుగా ఉంటే అందరూ కలిసి వినేట్టు చెప్పాలి. కానుక ఇవ్వదలచుకుంటే ఇవ్వవచ్చు, కూలి ఇచ్చిన తర్వాత.